పది వేస్తే పదకొండు వచ్చిన వేసవి

హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. అది జీతం ఉద్యోగం. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, రాసినా మీరు చదవరు. దాని పక్కనే, ఎవరూ బలవంతపెట్టకుండా, ప్రతి వేసవిలో చేసిన ఇంకో పని ఉంది. కణ భౌతికశాస్త్రం కోసం రాసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో విద్యార్థులకు మెంటర్‌గా ఉండటం. ఈ మధ్య నా దగ్గర చదివిన పిల్లలే కొందరు మెంటర్లవుతున్నారు. "ఏం చేయాలో చెప్పండి మేడం" అని అడుగుతున్నారు. ఏం చేయాలో ప్రాజెక్టు వాళ్ళు పేజీలకు పేజీలు రాసి పెట్టారు, అది చదువుకోండి. నేను చూసింది మాత్రం ఇక్కడ చెప్తాను.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. పట్టుగూళ్ళ మార్కెట్ వెనక మా వీధిలో ఇప్పటికీ నేను ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాననే అనుకుంటారు. పక్కింటి లక్ష్మీదేవమ్మ ఒకసారి గోడ మీదుగా అడిగింది.

"ఏమ్మా, కంప్యూటర్లో ఎవురితోనో దినామూ కొట్లాడతాంటావు. ఎవురాయప్ప?"

"కొట్లాట కాదక్కా, పని. ఆయన ఇటలీలో ఉండాడు."

"అంత దూరమున్నోడితో నీకేం తగాదా మ్మా?"

తగాదా లాంటిదే నిజానికి. యూరప్‌లో భూమి కింద పెద్ద సొరంగం తవ్వి, అందులో ప్రోటాన్లను ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టిస్తారు. చుట్టూ ఉన్న పరికరాలు ఏ కణం ఎంత శక్తితో ఎటు పోయిందో నమోదు చేస్తాయి. ఆ వివరాల గుట్టల్లోంచి అర్థం లాగేది సాఫ్ట్‌వేర్. అది ఎవరి ఇనప్పెట్టెలోనూ లేదు. ఎవరైనా చదవొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. ఒప్పుకునేదీ లేనిదీ ప్రాజెక్టు చూసుకునేవాళ్ళు తేలుస్తారు, అదీ అందరూ చూసే చోట, వాదించుకుని. ప్రతి వేసవిలో దేశదేశాల నుంచి కొందరు విద్యార్థులను ఎంచుకుని, తలా ఒక పని ఇచ్చి, పక్కన ఒకరిద్దరు మెంటర్లను పెడతారు. సెలవులు అయిపోయే వేళకు పాసో ఫెయిలో చెప్తారు.

శ్రీకంఠయ్య గారి చేతులు

నన్ను ఈ పనిలోకి లాగింది శ్రీకంఠయ్య గారు. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పెద్ద శాస్త్రవేత్త, సొంతూరు తుమకూరు వైపు. లెక్చరర్ల కోసం పెట్టిన శిక్షణ తరగతికి పోయి ఆయన చేతికి చిక్కాను. మొదటి రోజే ఒక సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి, కంప్యూటర్లో ఎక్కించుకోమన్నారు. సూచనల్లో ఉన్నట్టే చేశాను, ఎక్కలేదు. మర్నాడూ కుస్తీ పట్టి, సూచనల్లో ఒక మెట్టు రాయడం ఎవరో మరిచిపోయారని కనిపెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు వెళ్ళి చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు.

"హాగాదరె మీరే రాసి పంపండి" అన్నారు, సగం కన్నడంలో, సగం తెలుగులో. అట్లయితే మీరే రాయండని.

"నేనా సార్? నేనెవర్ని?"

"దారి తప్పినవాళ్ళకే కదమ్మా బోర్డు ఎక్కడ పెట్టాలో తెలిసేది!"

రెండు వాక్యాలు రాసి పంపాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఒప్పుకుని, పేరు పెట్టి ధన్యవాదాలు చెప్పాడు. అన్నేళ్ళ సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షన్ రోజూ అంత సంతోషం కలగలేదంటే నమ్మండి. ఆ సాయంత్రం హిందూపురం బస్సులో నిలబడే వచ్చాను, కాళ్ళ నొప్పి తెలియలేదు.

శ్రీకంఠయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా నేర్పేటప్పుడు రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడేవారు. బడిపిల్లాడికి శిక్ష వేసినట్టు ఉండేది చూడటానికి. ఎందుకు సార్ అని అడిగితే, "చేయి ఖాళీగా ఉంటే కీబోర్డు మీదికి పోతుంది. నా చేయి అక్కడికి పోయిందంటే నీ బుర్ర పని మానేస్తుంది" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత, విద్యార్థి కోడ్ తామే రాసి పెట్టే మెంటర్లను చాలామందిని చూశాను. పిల్లవాడికి సర్టిఫికెట్ వస్తుంది, మెంటర్‌కి మంచివాడని పేరు వస్తుంది, పని మాత్రం ఎవరికీ రాదు. మీరు అట్లాంటి మంచివాళ్ళు కావొద్దు.

"బాగుండాది మేడం"

పెనుకొండ అబ్బాయి హరీష్ నా మొదటి విద్యార్థుల్లో ఒకడు. వాళ్ళ నాయనకు బస్టాండు దగ్గర పంక్చర్ షాపు. పిల్లవాడు తెలివైనవాడు, కానీ నోట్లోంచి మాట రావాలంటే గడ్డపార వేయాలి. వారం వారం వీడియోలో మాట్లాడుకునేవాళ్ళం.

"ఏమప్పా హరీషూ, ఎట్లుండాది పని?"

"బాగుండాది మేడం."

మరుసటి వారమూ అదే. ఆ మరుసటి వారమూ అదే. మా సీమలో ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ణి పలకరించినా బాగుండాదనే అంటాడు. అది జవాబు కాదు, మర్యాద. నేనూ ఈ నేల మీదే పుట్టాను కాబట్టి నాకు అనుమానం వచ్చింది. "సరే, నడిపించి చూపించు" అన్నాను. చాలాసేపు నసిగి అసలు సంగతి చెప్పాడు. వాడి లాప్‌టాప్ పాతది, చిన్నది. ఆ సాఫ్ట్‌వేర్ తయారవుతుండగానే మధ్యలో బిగుసుకుపోతుంది. అప్పటిదాకా రాసిన కోడంతా ఒక్కసారీ నడిపి చూడకుండా, మనసులో నడిపించుకుంటూ రాశాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. చిత్రమేమంటే ఆ కోడ్‌లో ముక్కాలు భాగం సరిగ్గానే ఉంది.

"ముందే చెప్పల్ల కదప్పా?"

"ఆడ అందరూ పెద్ద పెద్దోళ్ళుండారు మేడం. నా లాప్‌టాప్ సంగతి వాళ్ళకు యాల చెప్పేది?"

నాకు చెప్పినదాన్నే ప్రాజెక్టు చర్చావేదికలో, అందరికీ కనిపించేట్టు రాయమన్నాను. రాసి ముందు నాకు పంపాడు. ప్రతి వాక్యానికీ ముందొక క్షమించండి, వెనకొక క్షమించండి. అవన్నీ ఏరి పారేయమన్నాను, ప్రశ్న రెండు లైన్లు మిగిలింది. అది పెట్టిన కాసేపటికే ఎక్కడెక్కడివాళ్ళో జవాబులిచ్చారు. ఒకాయన తమ విశ్వవిద్యాలయం కంప్యూటర్ వాడుకోమని తాళం చెవి ఇచ్చినంత పని చేశాడు. ఇంకెక్కడో ఉన్న ఒక అమ్మాయి, "నాదీ ఇదే అవస్థ, అడగడానికి సిగ్గుపడ్డాను" అని రాసింది.

అప్పట్నుంచి నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజు ఒకే మాట. డౌట్ వస్తే నా చెవిలో చెప్పొద్దు, బజార్లో అడగల్ల. తెలియదని నలుగురిలో అనడం మన పిల్లలకు ఎంత కష్టమో బయటివాళ్ళకు తెలియదు. ఇళ్ళలోనూ, నాలాంటి టీచర్ల క్లాసుల్లోనూ ఎన్నేళ్ళుగానో నేర్పిన మౌనం అది. దాన్ని విడిపించడమే మెంటర్ పనిలో సగం. హరీష్ ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూనే, ఆ వేదికలో కొత్తవాళ్ళ ప్రశ్నలకు జవాబులిస్తుంటాడు. వాడు అంత ఓపిగ్గా మాట్లాడటం చూస్తే నాకే నమ్మబుద్ధి కాదు.

గ్రేస్, లూకా, ఒక ఫ్లెక్సీ

నాకు ఈ పని అంటే ఏమిటో పూర్తిగా అర్థం చేయించింది గ్రేస్ సునంద. తాడిమర్రి దగ్గర పల్లె వాళ్ళది. నాయన యేసురత్నం కరెంటు లైన్‌మన్. ఇంజనీరింగ్ చదువు కోసం ధర్మవరంలో అవ్వ దగ్గర ఉండేది. పక్క వాటాలో మగ్గం. వీడియోలో మాట్లాడేటప్పుడు ఆ చప్పుడు ఆగకుండా వినిపించేది. నాతోపాటు ఆమెకు మెంటర్‌గా ఉన్న ఇటలీ కుర్రవాడు లూకా మొదటి రోజే అడిగాడు, ఇంట్లో మరమ్మతులు జరుగుతున్నాయా అని. "అవును, నాలుగు తరాలుగా జరుగుతున్నాయి" అంది గ్రేస్. వాడికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఈ పిల్లకు నోరుంది, పరవాలేదు అనుకున్నాను.

ఆ వేసవి ఆమెకు ఊరికే రాలేదు. క్యాంపస్‌లో బెంగళూరు కంపెనీ ఒకటి ఆమెను తీసుకుంది, కానీ అప్పుడే వచ్చి చేరాలంది. రెండూ కుదరవు. గ్రేస్ ఈ పనే ఎంచుకుని కంపెనీని వద్దంది. యేసురత్నం గారు నాకు ఫోన్ చేశారు. "పిల్ల ఇష్టమే మేడం. పాసైతే ఆ పెద్ద పెద్దోళ్ళ సాక్ష్యం ఉంటాది, ఇంగో మంచి ఉద్యోగం వస్తాదంటాంది. ఫెయిలైతే రెండూ పాయె. చూస్తా ఉండండి మేడం" అన్నారు. చూస్తానన్నాను.

ఇది చాలదన్నట్టు వాళ్ళ కాలేజీ ప్రిన్సిపాల్ గారు గేటు ముందు ఫ్లెక్సీ కట్టించారు. గ్రేస్ ఫోటో, వెనక భూగోళం, దాని చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు, కింద ఆయన ఫోటో కొంచెం పెద్దది. ఇంకా పనే మొదలు కాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆయన్ను వెక్కిరించాలని చెప్పడం లేదు. పల్లెల్లోంచి వచ్చే ఆడపిల్లల కోసం యాజమాన్యంతో పోరాడి బస్సు వేయించిన మనిషి ఆయన. పిల్లల్ని చూసి మురిసిపోవడం ఒక్కటే తెలుసు.

ఎర్ర గుర్తు

గ్రేస్‌కి ఇచ్చిన పని ఇది. కణాలను శక్తిని బట్టి గళ్ళలో వేసి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో నిలువు కమ్మీలుగా గీస్తే ఒక పటం వస్తుంది. ఈ శాస్త్రంలో ఉన్నవాళ్ళ బతుకంతా ఆ పటాలతోనే. ఆ గళ్ళు నింపే కోడ్ నత్తనడక నడిచేది. పనిని ముక్కలు చేసి, అన్నీ ఒకేసారి నడిపించి, వేగం పెంచాలి.

పెంచింది. అయితే కోడ్ మార్చిన ప్రతిసారీ ఒక పరీక్ష దానంతటదే నడుస్తుంది. కొత్త పటాన్ని, ముందే దాచిపెట్టిన నమూనా పటంతో పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే ఎర్ర గుర్తు పడుతుంది. అప్పుడు రెండే దారులు. కొత్త కోడ్ తప్పయితే కోడ్ దిద్దాలి, పాత నమూనాయే తప్పని తేలితే నమూనా మార్చాలి. గ్రేస్ కోడ్‌కి ఎర్ర గుర్తు పడింది. కొత్త పటంలో అక్కడక్కడా కమ్మీలు రవ్వంత ఎత్తుగా ఉన్నాయి.

పాత కోడ్ కొన్ని కణాలను వదిలేస్తోందని ప్రాజెక్టులో అందరికీ ఎప్పట్నుంచో అనుమానం. అందుకని కొత్త కమ్మీలు ఎత్తుగా కనిపించేసరికి, వదిలేసినవి దొరికాయని సంబరపడ్డారు. పాత నమూనా తప్పు, కొత్తది ఒప్పు అని రాసి గ్రేస్ నమూనా మార్చింది. లూకా ఒప్పుకున్నాడు, నేనూ తలూపాను. గుర్తు పచ్చబడింది. కోడ్ విడుదలలోకి, అంటే అందరూ దించుకుని వాడే కొత్త కూర్పులోకి, వెళ్ళింది. దక్షిణ అమెరికాలో డాక్టరేట్ చేస్తున్న మిగేల్ అనే అతను చర్చావేదికలో రాశాడు: "కొత్త విడుదలతో నా పటాలు సిద్ధాంతానికి దగ్గరగా వస్తున్నాయి. ధన్యవాదాలు గ్రేస్." ఆమె దాన్ని ఫోటో తీసి వాళ్ళ నాయనకు పంపింది.

ఈ తప్పు బయటివాళ్ళు చేయలేరు. మా పనిలో ఉన్నవాళ్ళే చేయగలరు. పరీక్ష రాసిన పిల్లే కీ పేపర్ కూడా దిద్దుకుంది, మేమందరం చుట్టూ నిలబడి మార్కులు బాగా వచ్చాయని చప్పట్లు కొట్టాం. అప్పటికి మా ఎవరికీ అది తెలియదు.

ధర్మవరం నుంచి హిందూపురం దాకా

తుది ఫలితానికి ఇంకా కొద్ది రోజులుందనగా, ఒక ఉదయం గ్రేస్ చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. నేను వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. చెప్పులు విడిచింది, కూర్చోలేదు.

"మేడం, పది వేస్తే పదకొండు వస్తాండాయి."

నాకు అర్థం కాలేదు. లాప్‌టాప్ తెరిచి చూపించింది. వాడేవాళ్ళ కోసం వివరణ రాస్తూ, ఉదాహరణగా ఉంటుందని పది కణాలతో చిన్న ఫైలు చేత్తో తయారుచేసుకుంది. కోడ్‌లో వేస్తే మొత్తం పదకొండు చూపిస్తోంది. ఎన్నిసార్లు వేసినా పదకొండే.

"పనిని ముక్కలు చేసినాం కదా మేడం. ఒక ముక్క చివర పడిన కణం, దాని తర్వాత ముక్కలో మళ్ళా లెక్కకొస్తాండాది. ఆ కమ్మీలు ఎత్తుగా వచ్చింది అందుకే. పాతవి దొరికి కాదు."

"ఎవరికైనా చెప్పినావా?"

"మీకే. రైలెక్కేటప్పుడు ఎవురికీ చెప్పొద్దనుకున్నా మేడం. పెనుకొండ దాటినాక చెప్పల్ల అనుకున్నా."

"ఎందుకు?"

"మిగేల్ నాకు థాంక్స్ చెప్పినాడు మేడం" అని, అప్పుడు కూర్చుని ఏడ్చింది.

నాకు ఆ పిల్ల మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. భయం కూడా అంతే వేసింది. తప్పు బయటపెడితే ఆ కోడ్‌ను విడుదలలోంచి తీసేస్తారు. పాస్ చేయాలంటే పని విడుదలలో ఉండాలి. వదులుకున్న ఉద్యోగం ఎటూ తిరిగి రాదు. ఆమె కళ్ళు తుడుచుకుంటుండగానే ప్రిన్సిపాల్ గారి ఫోన్, సన్మానానికి ఏ రోజు వీలవుతుందని. చింతపండు చేతులతో ఉన్నాను కాబట్టి స్పీకర్ పెట్టాను. జరిగింది చెప్పాను.

ఆయన గొంతు తగ్గించారు. "తెలిసింది మీ ఇద్దరికే కదా మేడం. రిజల్టు రానీండి. పాసైనాక దిద్దుకుంటే ఎవురు కాదంటారు? అంతవరకు గమ్మునుండండి."

"అప్పటికి ఆ మిగేల్ థీసిస్ అచ్చయిపోతుంది సార్."

"ఎవురో మిగేల్ కోసరం మన పిల్లను బలిపెడతామా మేడం?"

ఆయన ప్రశ్నలో ప్రేమ లేకపోలేదు. గ్రేస్ ఫోన్ దగ్గరికి వంగింది.

"సార్, ఆ ఫ్లెక్సీ దించేయండి సార్. మళ్ళా కావల్లంటే ఎక్కిద్దాం."

అక్కడే కూర్చుని చర్చావేదికలో రాయడం మొదలుపెట్టింది. నేను చేతులు కడుక్కుని వచ్చి, శ్రీకంఠయ్య గారిలా వీపు వెనక కట్టుకుని నిలబడ్డాను. చేతులు ఆగినా లోపల మనసు ఆగలేదు, ఆ వాక్యం ఇట్లా రాస్తే బాగుండు, ఈ మాట మెత్తగా ఉంటే బాగుండు అని. ఆమె రాసింది మాత్రం సూటిగా ఉంది. తప్పు ఏమిటి, ఏ విడుదలలో ఉంది, మీ ఫలితాల్లో ఉందో లేదో ఎట్లా చూసుకోవాలి. చివర ఒక్క క్షమాపణ. పంపే ముందు నా మొహం చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

కోపమున్న మనిషి

ఆ మధ్యాహ్నమే లూకా ఆ కోడ్‌ను విడుదలలోంచి తీసేశాడు. ప్రాజెక్టు పెద్ద ఇంగ్రిడ్ అనే జర్మన్ ఆవిడ. ఆమె పేరు చూస్తే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా రాసింది ఒకసారి సరిచూసుకుని పంపుతారు. మర్నాడు ఆమె జవాబు వచ్చింది. కనిపెట్టి చెప్పినందుకు ధన్యవాదాలంది. కోడ్ రాసిన మనిషినే నమూనా మార్చనివ్వడం ప్రాజెక్టు తప్పంది. ఇక మీదట నమూనాను సంబంధం లేని వేరే మనిషి, వేరే యంత్రం మీద తయారుచేయాలి, ఈ నియమం గ్రేస్ మార్పుతోనే మొదలు అంది. ఎంతో న్యాయమైన మాట. ఎంత కఠినమైన మాటో కూడా నాకు వెంటనే తెలిసింది. కోడ్‌లో తప్పు దిద్దడానికి ఒక్క లైను చాలింది, పది వేస్తే పది వస్తున్నాయి. కానీ నమూనా చేసిపెట్టే ఆ వేరే మనిషి ఎక్కడ? అది ఆగస్టు. ఆగస్టులో యూరప్ అంతా తలుపులకు తాళాలేసి కొండలకూ సముద్రాలకూ పోతుంది. లూకా పనికిరాడు, నేను పనికిరాను, మేం ఒకసారి తలూపినవాళ్ళం. హరీష్ చేస్తానన్నాడు, వాడు నా శిష్యుడని నేనే వద్దన్నాను.

మిగేల్ దగ్గర్నుంచి మాత్రం రెండు వాక్యాలు వచ్చాయి. "నా అధ్యాయం మొత్తం మళ్ళీ చేయాలి. నాకు చాలా కోపంగా ఉంది."

గ్రేస్ ఫోన్ చేసింది. "మిగేల్‌నే అడుగుతా మేడం, నమూనా చేసిపెట్టమని."

"ఆయన కోపంగా ఉన్నాడు కదా మ్మా."

"అందుకే మేడం. ఆయప్పయితే మొహమాటానికి బాగుండాదని చెప్పడు."

ఇన్నేళ్ళలో ఎందరో పెద్దల దగ్గర, ఎన్నో సెమినార్లలో పరీక్షల గురించి విన్నాను. ఇంత సరైన మాట ఎవరూ చెప్పలేదు. మీకు ఈ పనిలోకి వస్తూ ఒక్కటే గుర్తుంచుకోవాలని ఉంటే ఇది గుర్తుంచుకోండి. మీ వాళ్ళ చేత పరీక్షించుకోవద్దు. మీ తప్పు వల్ల నష్టపోయినవాణ్ణి పిలిచి, వాడి చేతికివ్వండి. అడగడానికి గుండె కావాలి, అంతే.

అందరి ముందే అడిగింది. "నీ కోపం న్యాయమైనది. నీ దగ్గర పాత లెక్కలున్నాయి కాబట్టి నా కోడ్ చూడకుండానే నమూనా చేయగలవు. చేసిపెడతావా?" మిగేల్ ఒక్క మాట రాశాడు, సరే అని. తర్వాత చప్పుడు లేదు. గ్రేస్ రోజుకు ఎన్నిసార్లు ఆ పేజీ తెరిచి చూసిందో ఆమెకే తెలియాలి. యేసురత్నం గారు నాకు ఫోన్ చేసి ఏమీ అడగకుండా, వానలెట్లున్నాయి మేడం అని మాట్లాడి పెట్టేశారు.

ఆఖరి రోజు నేను ఉండబట్టలేక రైలెక్కి ధర్మవరం పోయాను. గ్రేస్ వాళ్ళవ్వ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. తినండి మేడం, తినండి అని ఆమె, పేజీ మళ్ళీ తెరుస్తూ ఈమె, పక్కన మగ్గం. సాయంత్రానికి నమూనా వచ్చింది. గ్రేస్ దాన్ని పరీక్షకు పెట్టింది. మిగేల్ తన యంత్రం మీద, తన పద్ధతిలో, ఆమె కోడ్ ముట్టకుండా చేసిన పటం మీద గ్రేస్ పటం కూర్చుంది. ఒక్క కమ్మీ కూడా తేడా లేదు. పచ్చ గుర్తు. ఇంగ్రిడ్ కోడ్‌ను ఒప్పుకుని విడుదలలోకి తీసుకుంది. నేను అక్కడికక్కడే ఫలితం రాసి పంపేశాను.

చర్చావేదికలో ఆ నమూనా కింద మిగేల్ మాట వచ్చి ఉంది. గ్రేస్ చదివి, లాప్‌టాప్ నా వైపు తిప్పి, వాళ్ళ నాయనకు ఫోన్ చేసింది.

"ఏమ్మా? ఇప్పుడే స్తంభం దిగినా, చెప్పు."

"నాయనా, ఆ మిగేల్ రాసినాడు. నమూనా చేసినాక, ఈసారి నీ కోడ్‌లో తప్పు పట్టుకోవల్లని చానా వెతికినానంట. మనసారా వెతికినానంట. దొరకలేదంట."

 యేసురత్నం గారు నెమ్మదిగా అడిగారు.

"అంటే పాసా మ్మా, ఫెయిలా?"

"పాస్ నాయనా."

"సరే. ఆయప్పకు నా తరపున కూడా థాంక్స్ చెప్పు. ఆయప్ప పని చెడగొట్టినాం కదా, పాపం."

చెప్పింది. అందరూ చూసే చోటే, మా నాయన చెప్పమన్నాడు అని రాసి మరీ చెప్పింది.